ముడికో ముత్యం

మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాం రోజున, తను స్టేజి ఎక్కడానికి అరగంట ముందు, రవీంద్రభారతి గ్రీన్‌రూమ్‌లో మెడలోని పచ్చపూసల దండ తెగింది. అద్దెకు తెచ్చిన నగ. పూసలు నేలంతా దొర్లిపోతే, అక్కడున్న తల్లులందరం మోకాళ్ళ మీద కూర్చుని ఏరాం. ఎవరో మల్లెలు కట్టుకోవడానికి తెచ్చుకున్న దారం ఇచ్చారు. మేకప్ చేసే ఆవిడ తన డబ్బాలోంచి సూది తీసి ఇచ్చింది. నేను గుచ్చాను. గుచ్చిన ఆ పది నిమిషాలూ చుట్టూ ఉన్న హడావిడి నా చెవికి ఎక్కలేదు. పాప టైముకే స్టేజి ఎక్కింది, దండ నిలిచింది.

మర్నాడు నగలు తిరిగి ఇచ్చే ముందు ఆ దండ విప్పి, నైలాన్ దారంతో మళ్ళీ నీట్‌గా గుచ్చాను. అవసరం ఉండి కాదు, చేతులు ఊరుకోలేదు. అది 2019 జనవరి, సంక్రాంతి ముందు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్ని దండలు గుచ్చానో లెక్కపెట్టలేదు గానీ, ఎన్ని తెగాయో మాత్రం బాగా గుర్తుంది. అవి నేర్పినంత నాకు ఏ వీడియో నేర్పలేదు. అందుకే ఎక్కువగా వాటి గురించే, పూస గుచ్చినట్టు చెబుతాను.

మొదటిసారి సామాను కొనడానికి బేగంబజార్ వెళ్ళాను. పూసల షాపులో గోడ నిండా మేకులు, ప్రతి మేకుకూ లైన్లు లైన్లుగా వేలాడే పూసలు. అక్కడ పెద్ద పూసలు విడిగా కాదు, లైన్ల లెక్కన అమ్ముతారు. "ఎంత ఎమ్మెమ్ కావాలి మేడం?" అని అడిగితే నాకు జవాబు లేదు. చిన్నవి, పెద్దవి అనే తప్ప నాకు వేరే కొలత తెలియదు. పెద్ద పూసల్ని మిల్లీమీటర్లలో చెబుతారు. ఆవగింజంత ఉండే సీడ్ బీడ్స్‌కి మాత్రం నంబర్లు. నంబర్ పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. ఎనిమిదో నంబర్ పూస మూడు మిల్లీమీటర్లు ఉంటే పదకొండో నంబర్ పూస రెండు మిల్లీమీటర్లే. పదకొండో నంబరువి గ్రాముకు వంద పైనే తూగుతాయి. ఈ సంగతి తెలియక ఆ రోజు నూట యాభై గ్రాముల నీలం పూసలు తెచ్చుకున్నాను. ఇప్పటికీ సగం డబ్బా మిగిలే ఉంది.

ఆ రోజే గేర్ వైర్, గేర్ లాక్‌లు, జంప్ రింగులు, కట్టర్, రెండు రకాల ప్లయర్లు కొన్నాను. గేర్ వైర్ అంటే ప్లాస్టిక్ పూత ఉన్న సన్నని స్టీల్ తీగ. దానికి ముడి నిలవదు. అందుకే హుక్ దగ్గర తీగను వెనక్కి మడిచి, గేర్ లాక్ అనే బుల్లి లోహపు గొట్టంలోంచి రెండు పోగులూ దూర్చి దాన్ని నొక్కాలి. నేను ప్లయర్‌తో గట్టిగా ఒక్క నొక్కు నొక్కి, చితికింది కాబట్టి పట్టుకుందనుకునేదాన్ని. రెండు వారాలకు హుక్ ఊడి చేతికొచ్చింది. లోపల రెండు పోగులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, లాక్ ఒకదాన్నే పట్టుకుంది. నొక్కే ముందు రెండు పోగులూ పక్కపక్కనే పడుకున్నాయో లేదో చూసుకోవాలి. ముందు మధ్యలో ఒక గాడి పడేలా నొక్కి, తర్వాత పక్కకు తిప్పి, ఆ గాడి దగ్గర మడిచి గుండ్రంగా బిగించాలి. దీనికోసమే రెండు గాళ్ళున్న ప్లయర్ దొరుకుతుంది. ఈ పనిలో నేను డబ్బు పెట్టినందుకు బాధపడని వస్తువు అది.

ఇంకోటి. బల్ల మీద తిన్నగా పరిచినప్పుడు దండ ఎంత బాగున్నా లాక్ వేసేయకూడదు. మెడ గుండ్రం కదా. దండను బల్ల మీదే గుండ్రంగా తిప్పి చూస్తే, పూసలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తీగను లాగేస్తాయి. ఆ వంపుకు సరిపడా కాస్త వదులు ఉంచి అప్పుడు లాక్ వేయాలి. లేకపోతే మెడలో వేసుకున్నాక దండ జారి కుదురుగా కూర్చోదు, కర్రలా నిలబడుతుంది.

లోరియల్స్ గురించి ఎక్కువ చెప్పను. పూసను పిన్నుకు ఎక్కించి, పైన తీగను రౌండ్ నోస్ ప్లయర్‌తో సున్నాలా వంచితే ఒక లోరియల్. గుత్తిపూసల హారానికి అలాంటివి వందల్లో కావాలి. రెడీమేడ్‌గా ప్యాకెట్లలో దొరుకుతాయి, నేను అవే కొంటాను. చేతి కష్టం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో తెలియడం కూడా ఈ పనిలో భాగమేనని నా నమ్మకం.

ఇక అసలు దెబ్బ. గుంటూరులో మా వదిన వాళ్ళ గృహప్రవేశానికి నా చేత్తో గుచ్చిన దండ ఇవ్వాలని ముచ్చటపడ్డాను. ఆన్‌లైన్లో తెప్పించిన ఎర్ర గాజుపూసలు, మధ్యమధ్య పొడుగు గొట్టం పూసలు, మూడు వరుసలు. చీర రంగుకు సరిగ్గా కుదిరింది. వదిన చాలా సంబరపడి, పెట్టుకున్న నగ తీసేసి ఇది వేసుకుంది. పాలు పొంగించే సమయానికి ఒక వరుస తెగింది. వంగి పొయ్యి వెలిగిస్తున్న మనిషి మెడలోంచి పూసలు కొత్త గచ్చు మీద టపటపా రాలాయి. నాకు నోట మాట రాలేదు. "పోన్లే, ఇంటికి దిష్టి పోయింది" అని వదినే నన్ను ఓదార్చింది. ఆ మాట ఆవిడ మంచితనం. తప్పు మాత్రం నాదేనని నాకు తెలుసు.

ఇంటికొచ్చి, మిగిలిన రెండు వరుసలూ విప్పి దారం చూశాను. ముడి ఊడలేదు. దారం మధ్యలో, గొట్టం పూసలు ఉన్న ప్రతిచోటా పీచులేచి ఉంది. భూతద్దం పెట్టి ఒక పూస అంచు చూస్తే, పగిలిన గాజుగ్లాసు అంచు ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. కదిలినప్పుడల్లా ఆ అంచు దారాన్ని కోస్తూ వచ్చింది.

అప్పుడే పూసలు ఎలా తయారవుతాయో చదవడం మొదలుపెట్టాను. మన శ్రీకాళహస్తి దగ్గరి పాపానాయుడుపేట పేరు అలాగే తెలిసింది. పూసల చరిత్ర రాసే పరిశోధకులందరికీ ఆ ఊరి పేరు తెలుసు. నేను తెలుగుదాన్నై ఉండి అంతవరకూ విననే లేదు. అక్కడి పాతపద్ధతిలో, కరిగిన గాజును 'లడ' అనే బోలు ఇనుప గొట్టం చివర ముద్దలా చుట్టి, కొలిమిలో ఉంచి, అవతలి పక్కనుంచి పొడుగాటి సన్నని గొట్టంగా లాగుతారు. బెజ్జం గాజులోనే పుడుతుంది, తర్వాత తొలిచేది కాదు. ఆ గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోస్తారు. అప్పుడు ముక్కల అంచులన్నీ కత్తుల్లా ఉంటాయి. బెజ్జాలు పూడిపోకుండా వాటిని బూడిదతో కలిపి మళ్ళీ వేడి చేస్తూ కలియబెడితే, అంచులు కరిగి నున్నబడి పూస అవుతుంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో సుమారు రెండు వేల ఏళ్ళ కిందట కూడా ఇలా గొట్టం లాగి, ముక్కలు కోసి పూసలు చేశారు. అలాంటి పూసలు సముద్రాలు దాటి ఆగ్నేయాసియా దాకా వెళ్ళాయి.

ఇది చదివాక నా ఎర్రపూసల్లో లోపం ఎక్కడుందో అర్థమైంది. కోయడం అయింది, నున్న చేయడం సరిగ్గా కాలేదు. గొట్టం పూసలతో ఈ ఇబ్బంది ఎక్కువ, వాటిని బాగా వేడి చేస్తే ఆకారం పోతుంది. అప్పటి నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. కొత్తగా తెచ్చిన ప్రతి లైనులోంచి నాలుగైదు పూసలు దారానికి ఎక్కించి, ముందుకీ వెనక్కీ ఒక ఇరవై సార్లు లాగి చూస్తాను. దారం పీచు లేస్తే ఆ పూసల్ని దారంతో కాదు, గేర్ వైర్‌తోనే గుచ్చుతాను. ఇక గొట్టం పూస పెట్టాల్సి వస్తే దానికి అటూ ఇటూ ఒక్కో నున్నటి గుండ్రటి పూస వేస్తాను. వంపు దగ్గర దారం ఆ చిన్నపూస మీద ఆనుతుంది, గాజు అంచు మీద కాదు.

వదినకు మాత్రం అప్పు పడ్డాననిపించింది. ఈసారి ఇస్తే తెగని దండే ఇవ్వాలి, అదీ ముత్యాలది ఇవ్వాలి అనుకున్నాను. మూడు లైన్లు ముత్యాలు కొనడానికి చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ వెళ్ళాను. సముద్రం లేని హైదరాబాద్‌కి ముత్యాల ఊరని పేరు రావడానికి కారణం నిజాంల కాలం నుంచీ ఇక్కడ ఉన్న కొనుగోలుదారులూ, బెజ్జం వేసి, జల్లెడ పట్టి, సైజులు ఏరి, గుచ్చే పనివాళ్ళూ. ఒకప్పుడు గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చేవి. ఇప్పుడు షాపుల్లో మనకు చూపించేవి చాలావరకు చైనాలో మంచినీళ్ళలో పెంచినవే. అసలు ముత్యమో కాదో తెలుసుకోవడానికి ముందుపళ్ళ మీద మెల్లగా రుద్ది చూడమన్నారు. అసలుది సన్నటి ఇసుకలా గరగర తగులుతుంది, నకిలీది జారిపోతుంది. ఆరు మిల్లీమీటర్ల ముత్యాలు మూడు లైన్లు తీసుకున్నాను. లెక్కపెడితే రెండు వందల ఒకటి వచ్చాయి.

ఆ షాపు మెట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని ముత్యాలు గుచ్చుతున్నాడు. దారం ఒక కొస కాలి బొటనవేలికి తగిలించి, రెండో కొసను చేతిలో బిగువుగా పట్టుకున్నాడు. సూది లేదు. పట్టుదారం చివర కొంత మేర జిగురు రాసి, ఆరాక ఏటవాలుగా కత్తిరించాడు. అదే ఆయన సూది. ముత్యం బెజ్జం ఎంత సన్నమంటే మామూలు సూది దూరదు మరి. ముత్యం ఎక్కించగానే ఒక ముడి, మళ్ళీ ముత్యం, మళ్ళీ ముడి. ముత్యానికీ ముడికీ మధ్య వెంట్రుకంత కూడా సందు లేదు.

నిలబడి చూస్తుంటే, "నేర్సుకుంటవా అమ్మా?" అని అడిగాడు. పక్కనే కూర్చున్నాను. ముడి ఎందుకని అడిగాను. "ముత్యం మెత్తగుంటదమ్మా. ఒకదాన్నొకటి ఒరుసుకుంటే మెరుపు పోతది. దారం తెగినా ఒక్కటే పడతది, తక్కినవి యాడియి ఆడనే ఉంటయి" అన్నాడు. వదిన గచ్చు మీద దొర్లిన ఎర్రపూసలు నా కళ్ళ ముందు తిరిగాయి.

నా చేతికి దారం ఇచ్చాడు. నేను ముడి వేసి లాగాను. అది ముత్యానికి అర అంగుళం దూరంలో బిగిసిపోయింది. ఆయన దాన్ని విప్పలేదు, కత్తిరించేశాడు. "ముడిని లాగొద్దు, నడిపియ్యాలె" అని నెమ్మదిగా చేసి చూపించాడు. ముడి వదులుగా వేయాలి. ఆ వదులు ముడిలో ఒక దబ్బనం మొన గుచ్చి ఉంచాలి. దబ్బనంతో పాటు ముడిని జరుపుకుంటూ ముత్యం దాకా తీసుకెళ్ళాలి. అక్కడ మొన ముత్యానికి ఆనించి, దారాన్ని బిగిస్తూ మొనను మెల్లగా బయటికి తీయాలి. ఆఖరున బొటనవేలి గోటితో ముడిని ముత్యం వైపు ఒక్క నెట్టు. ఆయనకు దబ్బనం అక్కర్లేదు, గోరే చాలు. నాకు ఇప్పటికీ దబ్బనం కావాల్సిందే.

వదిన దండకు కొలతలు మొదట తప్పు వేశాను. మూడు సరాలూ ఒకే పొడవు ఉంటే, మెడలో ఒకదాని కింద ఒకటి వరుసగా పడవు, ఒక దానిమీదికి ఒకటి ఎక్కి మెలి పడతాయి. బయటి సరం లోపలిదాని కంటే పొడుగుండాలి. పురికొసను మా అమ్మాయి మెడలో వేసి చూసుకుని, లోపలిది 16 అంగుళాలు, మధ్యది పదిహేడున్నర, బయటిది 19 అని తేల్చాను. ఒక్కో ముడి ఇంచుమించు మిల్లీమీటర్ చోటు తీసుకుంటుంది కాబట్టి, సరానికి ఎన్ని ముత్యాలో లెక్క మారుతుంది. లోపలి సరానికి 55, మధ్యదానికి 60, బయటిదానికి 66. మొత్తం 181 ముత్యాలు, 184 ముళ్ళు.

పట్టుదారం కొత్తలో సాగుతుంది. సాగక ముందే గుచ్చితే, కొన్నాళ్ళకు ముళ్ళ పక్కన సందులు కనపడతాయి. అందుకే ముందురోజు రాత్రి దారం కత్తిరించి, కిటికీ ఊచకు కట్టి, కింద కత్తెర వేలాడదీసేదాన్ని. పొద్దున్నే వంట అయ్యాక, కిటికీ పక్కన వెలుతురులో గంట సేపు కూర్చునేదాన్ని. గంటకు పది, పన్నెండు ముళ్ళు పడేవి, అంతే. మొదటి సరం ఇరవయ్యో ముత్యం దాకా వచ్చాక, ఎనిమిదో ముడి దగ్గర సన్నటి సందు కనిపించింది. మా ఆయన "ఎవరికి కనపడుతుంది, వదిలేయ్" అన్నారు. నాకు కనపడుతుందిగా. మొత్తం కత్తిరించి మళ్ళీ మొదలుపెట్టాను. పట్టుదారంలో బిగిసిన ముడి విప్పాలని చూస్తే పోగులు చెదిరి దారమే పాడవుతుంది, కత్తిరించడమే మేలు.

కొన్ని ముత్యాలకు బెజ్జం మరీ ఇరుకు. ఒకదాన్ని బలవంతంగా నెడితే బెజ్జం అంచు పెచ్చు లేచింది. తర్వాత సన్నటి రీమర్, అంటే బెజ్జాన్ని లోపల అరగదీసే సూదిలాంటి పనిముట్టు, కొనుక్కున్నాను. ముత్యాన్ని నీళ్ళలో ముంచి పట్టుకుని మెల్లగా తిప్పితే బెజ్జం వెడల్పవుతుంది. పొడిగా చేస్తే వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది.

హుక్ దగ్గర ఇంకో చిక్కు. పట్టుదారం నేరుగా లోహపు రింగుకు తగిలితే, అక్కడే ముందు అరుగుతుంది. దానికి సన్నటి స్ప్రింగులాంటి తీగ తొడుగు వేయాలని తెలిసింది గానీ, వెతికితే దొరకలేదు. మా వీధిలో మగ్గం వర్క్ చేసే అమ్మాయి దగ్గర కూర్చుని ఈ మాట చెబితే, తన డబ్బాలోంచి జర్దోసి తీగ తీసి చూపించింది. అదే ఇది! జాకెట్ల మీద కుట్టే ఆ బోలు స్ప్రింగును పావు అంగుళం కత్తిరించి, దారానికి తొడిగి, హుక్ రింగు చుట్టూ వంచాను. దారం కనపడకుండా బంగారు రంగు ఉంగరంలా కుదిరింది.

మొత్తం నలభై రోజులు పట్టింది. ఆ నెలన్నరలో ఫోన్ చేసిన వాళ్ళంతా "ఏంటే, నల్లపూసవైపోయావు" అన్నవాళ్ళే. మొదటి సరంలో ముళ్ళు ఒకటి లావు, ఒకటి సన్నం. మూడో సరం వచ్చేసరికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వదినకు ఇచ్చేటప్పుడు ఆ తేడా చూపించి చెప్పాను. ఆవిడ సరాలన్నీ వేళ్ళతో తడిమి, "ఇది నీ మొదటిదన్నమాట" అని లోపలి సరం పట్టుకుని నవ్వింది. మిగిలిన ముత్యాల్లో పెచ్చు లేచినదాన్ని పక్కన పెట్టి, బాగున్న వాటితో జుంకీలు చేసి దండతో పాటే ఇచ్చాను.

దండ చూసిన బంధువులు ఆర్డర్లు ఇస్తామన్నారు. రెండు తీసుకున్నాను, ఆ తర్వాత మానేశాను. ఫలానా పెళ్ళికి ఫలానా తారీఖుకు ఇవ్వాలంటే టెన్షన్‌తో కూర్చుంటాను, ముడి నడిపించే ఓపిక పోయి లాగడం మొదలవుతుంది. ఎనిమిదో ముడి దగ్గర సందు కనిపిస్తే కత్తిరించే స్వేచ్ఛ నాకు కావాలి. అమ్మి నడిపిస్తున్న వాళ్ళంటే నాకు చాలా గౌరవం. పత్తర్‌గట్టీ మెట్టు మీద పెద్దాయన రోజుకు ఎన్ని సరాలు వేస్తాడో చూశాను కాబట్టే ఆ గౌరవం. నాకు మాత్రం ఇది ఆ పొద్దుటి గంట. అమ్ముకోవాలని లేదు.

మొన్న దసరాకు వదిన వచ్చినప్పుడు ఆ దండ తెచ్చింది. తెగలేదు. కానీ చెమటకూ, సెంటుకూ పట్టుదారం మెడ వెనక భాగంలో బూడిదరంగుకు తిరిగింది. హుక్ దగ్గర జర్దోసి నలిగి, పైపూత పోయి రాగి రంగు కనపడుతోంది. ముత్యాల దండను రోజూ వేసుకునేవాళ్ళయితే ఏడాదికి, అప్పుడప్పుడు వేసుకునేవాళ్ళయితే రెండు మూడేళ్ళకు ఒకసారి మళ్ళీ గుచ్చించుకోవాలి. దీనికి ఆ వేళ ఎప్పుడో దాటింది. "నీకు శ్రమ, షాపులో ఇచ్చేస్తాలే" అంది వదిన. నేను ఇవ్వనివ్వనన్నాను.

నిన్న రాత్రి భోజనాలయ్యాక తెల్ల తువ్వాలు పరిచి, వదిన ఎదురుగా కూర్చుని ఉండగా, 184 ముళ్ళూ ఒక్కొక్కటే కత్తిరించాను. ముత్యాలు గోరువెచ్చటి నీళ్ళలో కడిగి తువ్వాలు మీద ఆరబెట్టాను. లోపలి సరం ముత్యాల్ని విడిగా ఒక గిన్నెలో పెట్టమంది వదిన, అవి మళ్ళీ లోపలి సరానికే వెళ్ళాలట. కిటికీ ఊచకు కొత్త దారం కట్టి, కత్తెర వేలాడదీశాను.